35 డిగ్రీల గీత: మార్చిలో మీ ఫోన్‌కి అసలేం జరుగుతోంది?

ఫోన్ కంపెనీల సపోర్ట్ పేజీల్లో ఎక్కడో ఒక మూల చిన్న లైన్ ఉంటుంది. పరిసరాల ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఫోన్ వాడండి అని. యాపిల్ ఐఫోన్‌కి చెప్పే అంకె ఇదే. శాంసంగ్ గెలాక్సీకి, గూగుల్ పిక్సెల్‌కి కూడా ఇదే. ప్రాసెసర్ పేరు, మెగాపిక్సెల్స్, ర్యామ్ అన్నీ కంఠతా చెప్పగలిగే మనలో చాలామంది ఈ లైన్ మాత్రం చదివి ఉండరు.

ఇప్పుడు రెండో అంకె చూడండి. హైదరాబాద్‌లో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటు ఫిబ్రవరిలో 32 డిగ్రీల దగ్గర, మార్చిలో 35 పైచిలుకు, ఏప్రిల్‌లో 38 దగ్గర ఉంటుంది. అంటే కంపెనీ గీసిన గీతని మన ఊరు దాటేది మే నెలలో కాదు, మార్చిలోనే. మేలో ఎలాగూ అందరం జాగ్రత్త పడతాం. మధ్యాహ్నం బయటికి వెళ్లం, ఫోన్ ఎండలో పెట్టం. మార్చిలో మాత్రం ఎవరికీ పట్టదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత ఉంది కానీ, చలి పోయిన మర్నాటి నుంచే ఫోన్ సంగతి చూసుకోవాలని ఎవరూ చెప్పలేదు.

నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక చిన్న ప్రమోషన్స్ టీమ్‌లో పనిచేస్తాను. లొకేషన్లకి వెళ్లి ఫోన్‌తో మేకింగ్ వీడియోలు తీయడం, వాటిని రీల్స్‌గా కట్ చేసి ఇవ్వడం నా పని. అమ్మ, చెల్లితో కలిసి ఉండేది కృష్ణానగర్‌లో, పై అంతస్తు పోర్షన్‌లో. 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది, ఉగాది మార్చి 30న. ఈ మధ్య నెల రోజులూ ఇంట్లో, దారిలో, పనిలో ఫోన్లు ఎక్కడెక్కడ వేడెక్కుతున్నాయో గమనిస్తూ వచ్చాను. బెంచ్‌మార్క్ స్కోర్లు ఏమీ లేవు. ఒక మామూలు రోజులో ఫోన్ ఎక్కడెక్కడ దెబ్బతింటుందో, దానికి ఏం చేయొచ్చో అంతే.

పొద్దున: మిద్దె మీద వడియాలు, పక్కన ఫోన్

మార్చి మొదటి వారం నుంచే అమ్మ మిద్దె మీద వడియాలు పెట్టడం మొదలుపెడుతుంది. పాత చీర పరిచి, గుమ్మడి వడియాలు వరసగా పెడుతూ, విజయవాడలో ఉన్న పిన్నితో వీడియో కాల్ మాట్లాడుతుంది. ఫోన్ పిట్టగోడకి ఆనించి ఉంటుంది. పది గంటలు దాటేసరికి స్క్రీన్ మసకబారిపోతుంది. "ఒరేయ్, ఈ ఫోన్‌కి ఏదో అయిందిరా, మొహం కనపడట్లేదు" అని కేక.

ఫోన్‌కి ఏమీ కాలేదు. అది తనని తాను కాపాడుకుంటోంది. లోపల వేడి ఒక హద్దు దాటగానే ఫోన్ ముందు చేసే పని బ్రైట్‌నెస్ తగ్గించడం. తర్వాత ఛార్జింగ్ నెమ్మదిస్తుంది లేదా ఆగిపోతుంది. ప్రాసెసర్ స్పీడ్ తగ్గుతుంది. కెమెరా ఫ్లాష్ పనిచేయదు. ఇంకా వేడెక్కితే "ఫోన్ చల్లబడాలి" అని ఒక మెసేజ్ పెట్టి అన్నీ మూసేస్తుంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. వాతావరణ శాఖ చెప్పే 35 డిగ్రీలు నీడలో, గాలి ఆడే పెట్టెలో కొలిచిన గాలి ఉష్ణోగ్రత. నల్లటి గాజు వీపు ఉన్న ఫోన్‌ని నేరుగా ఎండలో పెడితే అది గాలి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. బయట 31 డిగ్రీలే ఉందని వెదర్ యాప్ చూపిస్తున్నా, పిట్టగోడ మీద ఫోన్ గీత దాటేసి ఉంటుంది. వడియం ఎండే చోట ఫోన్ కూడా ఎండుతుంది, అంతే లెక్క.

అమ్మకి నేను చెప్పింది ఒకటే: "ఫోన్ నీళ్ల ట్యాంక్ నీడలో పెట్టుకో." ఇప్పుడు పిన్ని మొహం పదకొండు గంటలకి కూడా బాగానే కనపడుతోంది. వంటింట్లో కూడా ఇదే సమస్య. యూట్యూబ్‌లో వంట చూస్తూ ఫోన్‌ని స్టవ్ పక్కనే, పోపుల డబ్బాకి ఆనించి పెడతాం కదా? ఒక గట్టు దూరం జరిపితే చాలు.

బండి మీద: నాలుగు పొయ్యిలు ఒకేసారి

కృష్ణానగర్ నుంచి చెక్‌పోస్ట్ సిగ్నల్ దాటి, అపోలో ఆస్పత్రి వైపు ఎక్కి ఫిల్మ్‌నగర్ చేరడం పెద్ద దూరం కాదు. కానీ ఆ సిగ్నల్ దగ్గర ఎంతసేపు నిలబడతామో ఎవరూ చెప్పలేరు. హ్యాండిల్‌కి మౌంట్, మౌంట్‌లో ఫోన్, ఫోన్‌లో మ్యాప్. ఇప్పుడు చాలామంది బండికి ఛార్జర్ కూడా పెట్టించుకుంటున్నారు.

ఫోన్ వైపు నుంచి చూడండి. స్క్రీన్ ఫుల్ బ్రైట్‌నెస్‌లో ఉంది, ఒకటి. జీపీఎస్, 5జీ రెండూ నడుస్తున్నాయి, రెండు. ఛార్జింగ్ ఎక్కుతోంది, మూడు. పైన ఎండ, నాలుగు. నాలుగు పొయ్యిలు ఒకేసారి వెలిగించినట్టే. రోడ్ నంబర్ 45 ఫ్లైఓవర్ ఎక్కి దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీదుగా మాదాపూర్ వెళ్లే డెలివరీ అన్నల్ని అడగండి, మధ్యాహ్నం మ్యాప్ మసకబారి మలుపు దాటిపోవడం వాళ్లకి రోజూ ఉండేదే.

బండి మౌంట్‌తో ఇంకో ప్రమాదం కూడా ఉంది. పెద్ద ఇంజన్ ఉన్న మోటార్‌సైకిళ్ల వైబ్రేషన్ వల్ల కెమెరాలోని స్టెబిలైజేషన్, ఆటోఫోకస్ భాగాలు కాలక్రమంలో పాడవచ్చని యాపిల్ 2021 సెప్టెంబర్‌లో తన సపోర్ట్ పేజీలో హెచ్చరించింది. నాలాంటి వాడికి కెమెరాయే కూడు పెడుతుంది కాబట్టి నేను మౌంట్ తీసేశాను. బయల్దేరే ముందు ట్రాఫిక్ ఎలా ఉందో ఒకసారి చూసుకుని ఫోన్ బ్యాగ్‌లో పడేస్తాను.

మ్యాప్ లేకపోతే పని జరగని వాళ్లు ఉంటారు. వాళ్లు కనీసం ఒక్క పొయ్యి ఆపాలి. బండి నడుస్తున్నప్పుడు ఛార్జింగ్ పెట్టకండి, ఆర్డర్ కోసం నీడలో ఆగినప్పుడు పెట్టుకోండి. మౌంట్ మీదికి నీడ పడే చిన్న టోపీలు దొరుకుతాయి, అవి బాగానే పనిచేస్తాయి. ప్లాస్టిక్ కవర్ ఉన్న పౌచ్‌లు మాత్రం మార్చి నుంచి జూన్ దాకా వద్దు. లోపల గాలి ఆడదు.

లొకేషన్‌లో: పెద్ద కెమెరాకి గొడుగు, ఫోన్‌కి?

అవుట్‌డోర్ షూటింగ్ ఎప్పుడైనా చూశారా? కెమెరా మీద ఎండ పడకుండా ఒక అసిస్టెంట్ గొడుగు పట్టుకుని నిలబడతాడు. కెమెరా వేడెక్కితే షాట్ ఆగిపోతుందని అందరికీ తెలుసు. అదే ఎండలో, అదే షాట్‌ని పక్కనుంచి తీస్తున్న నా ఫోన్‌కి గొడుగు పట్టేవాళ్లు ఎవరూ లేరు. పెద్ద కెమెరాల్లో ఫ్యాన్లు ఉంటాయి. ఫోన్‌లో ఉండవు. లోపలి వేడి గాజు, ఫ్రేమ్ ద్వారా మాత్రమే బయటికి పోవాలి. బయటే వేడిగా ఉంటే ఇంకెక్కడికి పోతుంది?

అందుకే ఇక్కడ సెట్టింగ్స్‌తో నెగ్గుకురావాలి. ఫోన్‌లో బాగా వేడి పుట్టించే పనుల్లో 4కె 60 ఫ్రేమ్స్ రికార్డింగ్ ఒకటి. సెన్సర్, ఇమేజ్ ప్రాసెసర్, స్టోరేజ్ మూడూ ఆగకుండా పనిచేస్తాయి. ఇన్‌స్టాగ్రామ్ రీల్ చివరికి కనపడేది 1080 బై 1920లో. క్రాప్ చేయాల్సిన షాట్ అయితే 4కె, లేకపోతే 1080లో 30 ఫ్రేమ్స్. మార్చి మొదటి వారంలో ఈ ఒక్క మార్పు చేశాక మధ్యాహ్నం రికార్డింగ్ మధ్యలో ఆగిపోవడం తగ్గింది. రీల్ చూసి ఇది 4కె కాదే అని ఇప్పటివరకు ఎవరూ అనలేదు.

బ్రైట్‌నెస్ సంగతి కూడా చూద్దాం. యాడ్స్‌లో నిట్స్ అంకెలు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఉదాహరణకి వన్‌ప్లస్ 12 పీక్ బ్రైట్‌నెస్ 4500 నిట్స్ అని చెప్పారు. ఆ పీక్ అనేది స్క్రీన్‌లో చిన్న భాగానికి, కొన్ని రకాల కంటెంట్‌లో మాత్రమే వస్తుంది. ఎండలో మనకి పనికొచ్చేది హై బ్రైట్‌నెస్ మోడ్ అంకె. అదే ఫోన్‌కి అది 1600 నిట్స్. అది కూడా ఫోన్ చల్లగా ఉన్నంతసేపే. వేడెక్కాక 1600 ఉన్న ఫోనూ మసకబారుతుంది, 1000 ఉన్న ఫోనూ మసకబారుతుంది. ఎక్కువ నిట్స్ ఉన్న ఫోన్ కంటే ఎక్కువసేపు నిలబెట్టుకునే ఫోన్ మనకి కావాలి. ఆ అంకె మాత్రం బాక్స్ మీద ఉండదు.

ఒకటి మాత్రం చేయొద్దు. ఫోన్ వేడెక్కిందని కూల్‌డ్రింక్స్ పెట్టే ఐస్ బాక్స్‌లోనో, ఫ్రిజ్‌లోనో పెట్టకండి. ఒక్కసారిగా చల్లబడితే లోపల తేమ చేరుతుంది. కేస్ తీసి, నీడలో, గాలి తగిలే చోట పెడితే సరిపోతుంది. మా సెట్‌లో థర్మాకోల్ షీట్ వెనక నీడే నా ఫోన్ విశ్రాంతి గది.

డబ్బింగ్ థియేటర్‌లో: చల్లటి గదిలో వేడి ఫోన్

ఇది నాకు ఆశ్చర్యం కలిగించిన చోటు. డబ్బింగ్ థియేటర్‌లో ఏసీ బాగా చల్లగా ఉంటుంది. ఎండ ఊసే లేదు. ఫోన్ సైలెంట్‌లో జేబులో ఉంది, ఎవరూ వాడటం లేదు. అయినా రెండు గంటల తర్వాత బయటికి తీస్తే గోరువెచ్చగా ఉంటుంది, బ్యాటరీ బాగా దిగిపోయి ఉంటుంది.

కారణం గోడలు. బయటి శబ్దం రాకూడదని మందపాటి గోడలు, ఒక తలుపు లోపల ఇంకో తలుపు కట్టిన గది అది. ఆ గోడలు హారన్ శబ్దాన్నే కాదు, సెల్ టవర్ సిగ్నల్‌ని కూడా అడ్డుకుంటాయి. సిగ్నల్ ఒక్క గీతకి పడిపోయినప్పుడు ఫోన్ టవర్‌ని అందుకోవడానికి తన రేడియో పవర్ పెంచుతుంది. దూరంగా ఉన్న మనిషితో మాట్లాడాలంటే గొంతు పెంచుతాం కదా, అలాగన్నమాట. జేబులో నిశ్శబ్దంగా ఉన్న ఫోన్ లోపల రెండు గంటలు అరుస్తూనే ఉంటుంది.

దీనికి మందు సులువు. ఆఫీస్‌లో వైఫై ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేసి, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై మాత్రం వేసుకోండి. కాల్స్ వస్తూనే ఉంటాయి. మన దేశంలో ఎయిర్‌టెల్ 2019 డిసెంబర్‌లో, జియో 2020 జనవరిలో దీన్ని మొదలుపెట్టాయి. ఇన్నేళ్లయినా సెట్టింగ్స్‌లో ఒక మూల ఆఫ్‌లో పడి ఉంటుంది చాలామందికి. జూబ్లీహిల్స్‌లో సెల్లార్ పార్కింగ్‌లో కూర్చునే సెక్యూరిటీ అన్నలకి, గుట్ట పల్లంలో ఉన్న ఇళ్లవాళ్లకి కూడా ఇదే చిట్కా.

30 శాతం దగ్గర పోయిన ఒక రోజు కూలి

ఇంతవరకు చెప్పింది చికాకు పెట్టే విషయాలు. స్క్రీన్ మసకబారితే కాసేపు ఆగుతాం. కానీ ఫోన్ మీదే బతుకు నడిచేవాళ్లకి ఇది అంత చిన్న విషయం కాదు.

మా కింది పోర్షన్‌లో ఒక లైట్‌మ్యాన్ అన్న ఉంటాడు. భీమవరం వైపు మనిషి. రేపు పని ఉందా లేదా అన్నది రాత్రి తొమ్మిది, పది గంటలకి వచ్చే ఒక్క ఫోన్ కాల్‌తో తేలుతుంది. "పొద్దున్న ఆరింటికి కాల్షీట్, వస్తావా?" అని అడుగుతారు. ఎత్తితే పని. ఎత్తకపోతే లిస్ట్‌లో తర్వాతి పేరుకి వెళ్లిపోతుంది ఆ కాల్. కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులకి, సెట్ అసిస్టెంట్లకి, డ్రైవర్లకి అందరికీ ఇంతే.

మార్చి రెండో వారంలో ఒక రాత్రి ఆయన ఫోన్ ఆగిపోయింది. "ముప్పై శాతం చూపించింది తమ్ముడూ, మెట్ల మీద టార్చ్ వేశాను, టక్కున పోయింది. మళ్లీ ఆన్ చేసేసరికి రెండు మిస్డ్ కాల్స్ మెసేజ్‌లు. తిరిగి చేస్తే వేరేవాడిని పెట్టేశారు." ఒక రోజు కూలి, దాంతోపాటు బేటా పోయాయి.

30 శాతం ఉన్న ఫోన్ ఎలా ఆగిపోతుంది? బ్యాటరీ పాతబడే కొద్దీ రెండు జరుగుతాయి. ఒకటి, అది దాచుకోగలిగే ఛార్జ్ తగ్గుతుంది. ఇది మనకి కనపడుతుంది. రెండోది కనపడదు. బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది. టార్చ్, కెమెరా, కాల్ లాంటివి ఒక్కసారిగా కరెంట్ లాగినప్పుడు పాత బ్యాటరీ వోల్టేజ్ ఢామ్మని పడిపోతుంది. ఆ వోల్టేజ్ ఫోన్‌కి కావాల్సిన కనీసం కంటే కిందికి పోతే, శాతం ఎంత చూపిస్తున్నా ఫోన్ ఆగిపోతుంది. 2017లో యాపిల్ పాత ఐఫోన్ల స్పీడ్ తగ్గిస్తోందని పెద్ద గొడవ జరిగింది గుర్తుందా? ఆ స్పీడ్ తగ్గించింది ఇలా అకస్మాత్తుగా ఆగిపోకుండా ఉండటానికే అని కంపెనీ అప్పుడు చెప్పుకుంది.

అన్న ఫోన్ వయసు రెండున్నరేళ్లే. మరి అంత త్వరగా బ్యాటరీ ఎందుకు ముసలిదైంది? ఆయన ఫోన్ ఎక్కడ ఛార్జ్ పెడతాడో చూశాక అర్థమైంది.

రాత్రి: ఏ హెచ్చరికా రాని వేడి

పగలంతా ఎండలో కాగిన శ్లాబ్ రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. పై అంతస్తులో, రేకుల గదుల్లో ఉన్నవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. అన్న రాత్రి పదకొండింటికి ఫోన్ ఛార్జింగ్ పెట్టి దిండు పక్కనే, చాలాసార్లు దిండు కింద పెట్టుకుని పడుకుంటాడు, కాల్ వస్తే మెలకువ రావాలని. ఒంటిగంటకల్లా 100 శాతం నిండుతుంది. అక్కడి నుంచి ఐదు గంటల దాకా ఆ ఫోన్ నిండా ఛార్జ్‌తో, వేడి గదిలో, దిండు కింద ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో ఫోన్ కనీసం హెచ్చరిక ఇస్తుంది. ఇక్కడ ఆ హద్దు దాటదు కాబట్టి ఏ మెసేజూ రాదు. నిజమైన నష్టం మాత్రం ఇక్కడే జరుగుతుంది.

మా చెల్లి ఇంటర్ సెకండియర్. 2025లో తెలంగాణ ఇంటర్ పరీక్షలు మార్చి 5 నుంచి 25 దాకా జరిగాయి. ఒక రాత్రి కెమిస్ట్రీలో కెమికల్ కైనెటిక్స్ చాప్టర్ చదువుతూ అర్హీనియస్ సమీకరణం గట్టిగా వల్లె వేస్తోంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపు అవుతుంది. లిథియం అయాన్ బ్యాటరీ అంటే ఒక రసాయన చర్యల డబ్బానే. మనకి కావాల్సిన చర్యతో పాటు అక్కర్లేని చర్యలు కూడా లోపల నెమ్మదిగా జరుగుతుంటాయి. గ్రాఫైట్ మీద ఒక పొర పేరుకుంటూ పోతుంది, అది లిథియంని తినేస్తుంది. వేడి పెరిగితే ఆ తినడం వేగం పెరుగుతుంది. ఛార్జ్ 100 శాతం ఉన్నప్పుడు వోల్టేజ్ ఎక్కువ కాబట్టి అది ఇంకా పెరుగుతుంది. చెల్లి పుస్తకంలోది పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న. కింద అన్నకి మాత్రం అది ఒక రోజు కూలి.

బ్యాటరీ యూనివర్సిటీ అనే వెబ్‌సైట్‌లో దీనికి ఒక పట్టిక ఉంది. లిథియం అయాన్ బ్యాటరీని వాడకుండా ఏడాది పాటు ఉంచితే ఎంత సామర్థ్యం మిగులుతుందో చెబుతుంది:

- 25 డిగ్రీల్లో, 40 శాతం ఛార్జ్‌తో ఉంచితే: 96 శాతం
- 25 డిగ్రీల్లో, 100 శాతం ఛార్జ్‌తో ఉంచితే: 80 శాతం
- 40 డిగ్రీల్లో, 40 శాతం ఛార్జ్‌తో ఉంచితే: 85 శాతం
- 40 డిగ్రీల్లో, 100 శాతం ఛార్జ్‌తో ఉంచితే: 65 శాతం

మీ ఫోన్‌కి అచ్చంగా ఇవే అంకెలు వస్తాయని కాదు. ఫోన్‌ని బట్టి, బ్యాటరీ రకాన్ని బట్టి మారుతుంది. కానీ దిశ చూడండి. మొదటి వరస, చివరి వరస మధ్య తేడా 31 శాతం. వేడి ఒక్కటే ఉంటే కొంత నష్టం, నిండా ఛార్జ్ ఒక్కటే ఉంటే కొంత నష్టం, రెండూ కలిస్తే పెద్ద నష్టం. మనం గది ఉష్ణోగ్రత మార్చలేం, అందరికీ ఏసీ ఉండదు. కానీ రెండోది మన చేతిలోనే ఉంది.

దాని పేరు ఛార్జింగ్ లిమిట్. ఐఫోన్ 15 నుంచి సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర ఆపే ఆప్షన్ ఉంది. పాత ఐఫోన్లలో ఐఓఎస్ 13 నుంచి ఆప్టిమైజ్డ్ ఛార్జింగ్ ఉంది, అది మీరు నిద్రలేచే టైమ్‌కి నిండేలా చూసుకుంటుంది. శాంసంగ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ పేరుతో ఉంటుంది. పిక్సెల్‌కి 2024 డిసెంబర్ అప్‌డేట్‌లో వచ్చింది. ఇంకా చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్యాటరీ సెట్టింగ్స్‌లో వెతికితే దొరుకుతుంది. మీ ఫోన్‌లో లేకపోతే, పడుకునే ముందు ఛార్జ్ చేసి తీసేయండి.

అన్న బ్యాటరీ మార్పించుకున్నాడు. కొత్త ఫోన్ ధరతో పోలిస్తే అది చాలా చిన్న ఖర్చు. ఇప్పుడు ఫోన్ దిండు కింద కాదు, కిటికీ గట్టు మీద, రింగ్ సౌండ్ ఫుల్‌లో ఉంటుంది. 80 లిమిట్ పెట్టాను. "ఇరవై శాతం తగ్గిపోయింది కదా తమ్ముడూ" అని మొదట్లో ఒప్పుకోలేదు. "రోజూ ఇరవై వదిలేస్తే వచ్చే ఏడాది కూడా ఎనభై ఉంటుంది అన్నా" అన్నాను. రాత్రి తొమ్మిదింటికి 30 శాతం ఉంటే అది నిజంగా 30 శాతమే అయి ఉండాలి. ఆయనకి కావాల్సింది అదే.

మధ్యలో హోలీ, చివర్లో ఐపీఎల్

2025లో హోలీ మార్చి 14న వచ్చింది. పల్లెల్లో మోదుగ పూలు నానబెట్టి రంగు తీసేవాళ్లు, ఇక్కడ పొడి రంగులు, పైపు నీళ్లు. ఐపీ68 ఉంది కదా అని ఫోన్ తడిపే ముందు ఒక మాట. ఆ పరీక్ష ల్యాబ్‌లో మామూలు మంచినీళ్లతో చేస్తారు, రంగు, సబ్బు కలిసిన నీళ్లతో కాదు. తడిసిన ఫోన్‌ని ఛార్జింగ్ పెట్టకండి. బియ్యంలో పెట్టొద్దని యాపిల్ కూడా చెబుతోంది, బియ్యపు పొడి లోపలికి పోతుంది. తడిసిన ఫోన్‌ని ఎండలో ఆరబెట్టడం ఇంకా చెడ్డ పని. నీడలో, ఫ్యాన్ గాలికి, పోర్ట్ కిందికి ఉండేలా పెట్టండి.

2025లో మార్చి 22 నుంచి ఐపీఎల్ జరిగింది. ఛార్జింగ్ పెట్టి, మొబైల్ డేటా మీద, మూడున్నర గంటలు లైవ్ చూడటం అంటే మళ్లీ బండి మీద పొయ్యిల లెక్కే. మ్యాచ్ ముందే ఛార్జ్ చేసుకోండి, చూసేటప్పుడు వైఫై వాడండి, కేస్ తీసేయండి.

కొత్త ఫోన్ కొంటుంటే ఏం అడగాలి?

ఉగాది ఆఫర్లలో ఫోన్ కొనే ప్లాన్ ఉందా? ర్యామ్, కెమెరా చూసుకున్నాక ఈ నాలుగూ కూడా చూడండి.

ఒకటి, ఛార్జ్ సైకిళ్లు. ఐఫోన్ 14, అంతకుముందు మోడళ్లకి 500 సైకిళ్ల తర్వాత 80 శాతం మిగులుతుందని, ఐఫోన్ 15 నుంచి 1000 సైకిళ్ల తర్వాత అని యాపిల్ చెబుతుంది. "అనుకూల పరిస్థితుల్లో" అన్న మాట కూడా పక్కనే ఉంటుంది, అది గమనించండి. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్తగా మార్కెట్లోకి వచ్చే ఫోన్లు కనీసం 800 సైకిళ్ల తర్వాత 80 శాతం నిలబెట్టుకోవాలి, ఆ వివరం లేబుల్ మీద ఉండాలి. ఆ రూల్ మనకి వర్తించదు. కానీ అదే మోడల్ ఇక్కడ కూడా అమ్మితే ఒక అంచనా వస్తుంది.

రెండు, బ్యాటరీ సైజు. సిలికాన్ కార్బన్ బ్యాటరీలతో అదే మందంలో ఎక్కువ కెపాసిటీ వస్తోంది. వన్‌ప్లస్ 13లో 6000 ఎంఏహెచ్ ఉంది. పెద్ద బ్యాటరీకి రోజువారీ సైకిళ్లు తక్కువ పడతాయి, 80 లిమిట్ పెట్టినా రోజంతా వస్తుంది.

మూడు, ఛార్జింగ్ లిమిట్, ఫాస్ట్ ఛార్జింగ్ ఆపుకునే ఆప్షన్ ఉన్నాయా అని. 100 వాట్లు ఉండటం మంచిదే, రాత్రి మాత్రం అక్కర్లేదు.

నాలుగు, మీరు చదివే రివ్యూలో టెస్ట్ చేసినప్పుడు గది ఉష్ణోగ్రత ఎంతో రాశారా అని. 24 డిగ్రీల ఏసీ గదిలో అరగంట గేమ్ ఆడితే వచ్చే ఫలితం వేరు, ఫిల్మ్‌నగర్‌లో మిట్ట మధ్యాహ్నం వచ్చే ఫలితం వేరు. మన ఊళ్లో ఏడాదిలో చాలా నెలలు ఆ రెండోదే నిజం.

ఈ రోజే చేయాల్సినవి

- ఫోన్ డయలర్‌లో *#*#4636#*#* కొట్టి చూడండి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్యాటరీ ఉష్ణోగ్రత కనపడుతుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్, బ్యాటరీ, అక్కడ బ్యాటరీ హెల్త్ చూడండి. శాంసంగ్‌లో మెంబర్స్ యాప్‌లో డయాగ్నోస్టిక్స్ ఉంటుంది.
- బ్యాటరీ హెల్త్ 80 కంటే తగ్గితే, లేదా 20, 30 శాతం దగ్గర ఆగిపోతుంటే, కొత్త ఫోన్ కంటే ముందు బ్యాటరీ మార్పు ధర అడగండి. ఒరిజినల్ బ్యాటరీయేనా అని కూడా అడగండి.
- 80 శాతం లిమిట్ జూన్ దాకా ఆన్‌లో ఉంచండి. పొద్దున్నే దూరం వెళ్లే రోజు మాత్రం 100 చేసుకోండి.
- దిండు కింద, పరుపు మీద ఛార్జింగ్ వద్దు. గట్టి, చల్లటి చోట, కేస్ తీసి పెట్టండి. నేల మీద గచ్చు అయినా మంచిదే.
- వైఫై కాలింగ్ ఆన్ చేయండి.
- ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లకి కూడా ఇవన్నీ మీరే పెట్టండి. వాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లరు. చుట్టుపక్కల ఫోన్ కాల్ మీద కూలి ఆధారపడ్డవాళ్లు ఉంటే ముందు వాళ్లకి పెట్టండి.

ఏప్రిల్ సగటు 38, మే అంతకంటే ఎక్కువ. ఇవన్నీ చేయడానికి పది నిమిషాలు పడుతుంది. ఈ రాత్రి ఛార్జర్ పెట్టే ముందు చేసేయండి.